పెరిగే జీతం 24 వేలు, పోయే పాలసీ 23 వేలు

ప్రశ్న: నమస్తే సార్. నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, 4 సంవత్సరాల 8 నెలలుగా ఇదే కంపెనీ. చేతికి వచ్చేది నెలకు 92,000, బేసిక్ 48,000. ఫ్లాట్ ఈఎంఐ 34,000, ఇంటి ఖర్చులు, పాప ఫీజు కలిపి 38,000. నెలకు 12,000 సిప్ (మ్యూచువల్ ఫండ్ నెల వాయిదా) కడుతున్నాను. బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్‌లో సుమారు 5.5 లక్షలు ఉన్నాయి.

అమ్మానాన్నలు నరసరావుపేట దగ్గర ఊళ్లో ఉంటారు. నాన్నకు 68. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, మూడు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారికి 2,200. మా కంపెనీ పాలసీలో అందరికీ కలిపి 5 లక్షల కవర్ ఉంది, నాన్న బిల్లులో 20 శాతం మేం పెట్టుకోవాలి. మందులు, ఇంజెక్షన్లు 8,000, కారు ఖర్చు 4,500 మావే. ఈ మధ్య క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ పడింది, మినిమం కడుతున్నాను.

ఇప్పుడు వేరే కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. చేతికి 1,16,000 వస్తుంది. 60 రోజుల్లో చేరమంటున్నారు, మిగిలిన నోటీస్ పీరియడ్ డబ్బు వాళ్లే కడతామన్నారు. నాన్నేమో ఉన్న ఎకరం అమ్మేసి అప్పులు లేకుండా చూసుకోమంటున్నారు. చెల్లి నెలకు 5,000 ఇస్తానంటే 'అల్లుడి డబ్బు మనకెందుకు' అని వద్దన్నారు. ఉద్యోగం మారమంటారా? పొలం అమ్మాలా, పీఎఫ్ తీయాలా? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

డయాలసిస్ నెలకు 13 సార్లు అనుకుంటే 28,600 అవుతుంది. అందులో మీ కంపెనీ పాలసీ 22,880 ఇస్తోంది, మీరు 5,720 పెడుతున్నారు. కొత్త కంపెనీలో తల్లిదండ్రులకు కవర్ లేకపోతే ఆ 22,880 కూడా మీ జేబులోంచే పోవాలి. జీతం పెరిగేది 24,000. అంటే ఇంత హడావిడి చేసి ఉద్యోగం మారితే మీకు నెలకు మిగిలేది 1,120 రూపాయలు. పైగా నాన్నగారికి ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల్లో నీరో వచ్చి ఆసుపత్రిలో వారం ఉంచాల్సి వస్తే ఆ బిల్లు మొత్తం మీదే.

అలాగని ఆఫర్ వదులుకోమనడం లేదు. చాలా కంపెనీల్లో తల్లిదండ్రులను ఉద్యోగి సొంత ప్రీమియంతో గ్రూప్ పాలసీలో చేర్చుకునే వీలుంటుంది. ప్రీమియం ఏడాదికి 40,000 అన్నా నెలకు 3,333 పడుతుంది. అప్పుడు మీకు నిజంగా పెరిగేది 20,667. ఒకే ఆఫర్‌లో మీకు మిగిలేది 1,120 కావచ్చు, 20 వేలు దాటవచ్చు. ఏదన్నది కొత్త కంపెనీ హెచ్‌ఆర్ ఇచ్చే జవాబులో ఉంది, దాన్ని మీరు ఇంకా అడగలేదు. జీతం గురించి నాలుగు రౌండ్లు మాట్లాడేవాళ్లు కూడా పాలసీ గురించి ఒక్క ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. ఎందుకో నాకు అర్థం కాదు.

ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడగండి. తల్లిదండ్రులకు కవర్ ఉందా, చేరిన రోజు నుంచేనా? ఇప్పటికే ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే కొంతకాలం ఆగాలన్న షరతు, లేకుండా వర్తిస్తుందా? డయాలసిస్‌కు విడిగా పరిమితి ఉందా? కో-పే, అంటే బిల్లులో మనం పెట్టుకోవాల్సిన వాటా, ఎంత? గది అద్దె పరిమితి ఎంత? ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. పాలసీలో రోజుకు 5,000 గది అని ఉండగా 8,000 గది తీసుకుంటే, తేడా 3,000 మాత్రమే మీ మీద పడుతుందనుకోకండి. చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఖర్చుల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఇంకొకటి, తల్లిదండ్రుల పేర్లు చేర్చడానికి చేరిన కొత్తలో కొద్ది రోజుల గడువే ఇస్తారు. అది దాటితే మళ్లీ పాలసీ రెన్యువల్ దాకా ఆగాలి. వాళ్ల ఆధార్ కాపీలు ఇప్పుడే దగ్గర పెట్టుకోండి.

నోటీస్ పీరియడ్ వాళ్లే కొంటామన్నారని సంబరపడకండి. గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీస్‌కు గాను కంపెనీ ఇచ్చే మొత్తానికి, 5 సంవత్సరాల సర్వీస్ కావాలి. 60 రోజుల్లో వెళ్లిపోతే మీకు 4 సంవత్సరాల 10 నెలలే అవుతుంది. 5 సంవత్సరాలు నిండితే వచ్చే మొత్తం: 48,000ను 26తో భాగించి, 15తో, తర్వాత 5తో గుణిస్తే 1,38,461 రూపాయలు. దీని మీద పన్ను కూడా లేదు. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలని కొన్ని కోర్టు తీర్పులున్నాయి, కొన్ని కంపెనీలు అలా ఇస్తాయి కూడా. మీ కంపెనీ ఇస్తుందా అని అడగండి. ఇస్తామని రాసి ఇస్తే తప్ప దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు. మీ నోటీస్ 90 రోజులైతే ఇంకో నెల ఆగి రాజీనామా పెట్టి, నోటీస్ పూర్తిగా చేస్తే సరిగ్గా ఐదేళ్లు నిండుతాయి. కొత్తవాళ్లను ఆ మేరకు ఆగమనండి. ఆగలేమంటే జాయినింగ్ బోనస్ అడగండి. అయితే బోనస్ మీద పన్ను పడుతుంది, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి ఇవ్వాలన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది. కాబట్టి లక్షా నలభై వేల బోనస్, లక్షా ముప్పై ఎనిమిది వేల గ్రాట్యుటీకి సమానం కాదు.

గ్రూప్ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ముగుస్తుంది. ఈ కంపెనీలో శుక్రవారం ఆఖరైతే అక్కడ సోమవారం చేరిపోండి. నెల రోజులు విరామం తీసుకుందామనే ఆలోచన ఉంటే ఈ ఏడాదికి పక్కన పెట్టండి. చివరి వారం వరకూ ఉన్న బిల్లులు వెళ్లే ముందే క్లెయిమ్‌కు పంపేయండి. గ్రూప్ పాలసీలో ఉన్నవారు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారమని అడగవచ్చు. డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి వాళ్లు ఒప్పుకుంటారన్న భరోసా నేనివ్వను. కానీ మెయిల్ పెట్టడానికి ఖర్చేం లేదు.

ఈ లోపు ఎవరైనా ఏజెంటు 'జబ్బు సంగతి రాయకండి సార్, పాలసీ నేను ఇప్పిస్తా' అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. జబ్బు దాచి తీసుకున్న పాలసీలో ప్రీమియం కట్టడమే ఉంటుంది, క్లెయిమ్ రాదు.

మీ ఉత్తరంలో అసలు లేని మాట ఒకటుంది, ఆరోగ్యశ్రీ. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. డయాలసిస్ అందులో ఉంది. జీతాలు తీసుకునే పిల్లలకు అది తమకు కాదనే అభిప్రాయం పాతుకుపోయింది. కానీ అక్కడ చూసేది మీ నాన్నగారి కుటుంబాన్ని. వాళ్ల రేషన్ కార్డు విడిగా ఉందా, లేక పెళ్లికి ముందు నాటి కార్డులో మీ పేరు ఇంకా అలాగే ఉందా? పన్ను కట్టే కొడుకు పేరు అదే కార్డులో ఉంటే ఇబ్బంది. మీరు నిజంగానే విడిగా హైదరాబాద్‌లో కాపురం ఉంటున్నారు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు కార్డులో మార్పించుకోవడంలో తప్పు లేదు. ఊరి సచివాలయంలో ఒకసారి, డయాలసిస్ జరిగే ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే అక్కడ ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర ఒకసారి అడగమని అమ్మగారికి చెప్పండి. డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 పింఛను కూడా ఉంది. అర్హత ఉందో లేదో అదే సచివాలయంలో తేలుతుంది. ఈ రెండింటిలో ఒక్కటి వచ్చినా మీ లెక్కంతా మారిపోతుంది. వైద్య సేవ వస్తే మీ ఉద్యోగ నిర్ణయానికీ నాన్నగారి డయాలసిస్‌కూ ఉన్న ముడి చాలావరకు ఊడిపోతుంది.

అది రాకపోయినా, ఆధార్ ప్రకారం 70 నిండాక ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల కవర్. ఆయన అసలు వయసు ఎంతైనా ఆధార్‌లో ఉన్నదే లెక్క. ఒకసారి చూసుకోండి. ఆ తరంలో చాలామందికి పుట్టినరోజు జనవరి 1నో, జూలై 1నో ఉంటుంది.

ఇక నెలవారీ లెక్క. 92,000లో ఈఎంఐ, ఇల్లు పోగా 20,000. అందులో నాన్నగారికి మీ వాటా 18,220. మిగిలేది 1,780. మరి 12,000 సిప్ ఎక్కణ్నుంచి కడుతున్నారు? క్రెడిట్ కార్డు నుంచి. మీకు అలా అనిపించకపోవచ్చు, కార్డు మీద కొన్నది మందులో, సరుకులో అయి ఉంటుంది. కానీ జరుగుతున్నది ఇదే: కార్డుకు ఏడాదికి 40 శాతం దాకా వడ్డీ కడుతూ, 12 శాతం వస్తుందని ఆశపడి మ్యూచువల్ ఫండ్‌లో వేస్తున్నారు. రేపే ఎఫ్‌డీలోంచి 60,000 తీసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ముందే తీసినందుకు వడ్డీ కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. సిప్ ఆపేయండి. ఖాతాలో డబ్బు లేక బౌన్స్ అయితే బ్యాంకు చార్జీలు వేస్తుంది కాబట్టి, యాప్‌లోకి వెళ్లి పద్ధతిగా పాజ్ చేయండి. ఇప్పటిదాకా కూడబెట్టిన యూనిట్లు ఎక్కడికీ పోవు. సిప్ ఆపితే ఏదో పాపం చేసినట్టు బాధపడేవాళ్లను చూస్తుంటాను. అది నోము కాదు కదా.

మిగిలే 5,40,000 ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. మీ పాలసీలో 5 లక్షలు అందరికీ కలిపి ఉంది. డయాలసిస్‌కే ఏడాదికి 2,74,560 పోతుంది. మీ భార్యకో, పాపకో ఆసుపత్రి అవసరం పడితే అదే కవర్‌లో మిగిలినదానితో సరిపెట్టుకోవాలి. అందుకే ఎఫ్‌డీ ఉండాలి. అందుకే మీరు, భార్య, పాప ముగ్గురికీ కంపెనీతో సంబంధం లేని సొంత పాలసీ ఒకటి కూడా ఉండాలి. అమ్మగారికి విడిగా ఇంకొకటి. ఆమెకు బీపీ ఉన్నా దాచకుండా రాసి తీసుకోండి. అలాంటి పాత జబ్బులకు వెయిటింగ్ ఇప్పుడు మూడేళ్లకు మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్‌టీ కూడా లేదు. వారానికి మూడు రోజులు నాన్నగారిని తీసుకెళ్లి నాలుగేసి గంటలు కూర్చుంటున్నది అమ్మగారే అయితే, ఆమె ఆరోగ్యం కూడా ఈ లెక్కలో భాగమే.

దీనికి డబ్బెక్కడిదంటారా? చెల్లెలి 5,000 తీసుకోండి. నాన్నగారు కాదంటే ఆ డబ్బు నేరుగా మందుల షాపుకు పంపమనండి, పోట్లాట ఉండదు. ఆమె ఇస్తానంటున్నది కన్నతండ్రికి. వద్దనే హక్కు మీకు లేదని నా అభిప్రాయం.

పీఎఫ్ తీయవద్దు. ఐదేళ్ల సర్వీస్ నిండకుండా మొత్తం తీస్తే పన్ను పడుతుంది. కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీస్ కూడా కలుస్తుంది. తల్లిదండ్రుల వైద్యానికి పీఎఫ్ నుంచి అడ్వాన్స్ తీసుకునే వీలుంది. ఎఫ్‌డీ సగానికి వచ్చినప్పుడు దాని గురించి ఆలోచించండి. అంతకంటే ముందు అత్యవసరం వస్తే పర్సనల్ లోన్ కన్నా ఇంట్లో బంగారం మీద లోన్ చవక.

పొలం ఇప్పుడు అమ్మవద్దు. నెలనెలా వచ్చే ఖర్చు ఇది, నెలనెలా వచ్చే ఆదాయంతోనే తీరాలి. ఎకరం అమ్మితే వచ్చిన డబ్బు కొన్నేళ్లలో కరిగిపోతుంది, ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. పైగా ఇంట్లో జబ్బు ఉందని ఊళ్లో తెలిసినప్పుడు కొనేవాడు ధర తగ్గించే అడుగుతాడు. డాక్టర్లు కిడ్నీ మార్పిడి చేయవచ్చని చెప్పి, దాత కుదిరితే అప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. పొలం ఆ రోజు కోసం ఉంచండి. నరసరావుపేట లాంటి లక్ష జనాభా దాటిన మునిసిపాలిటీ హద్దు నుంచి 6 కిలోమీటర్ల అవతల ఉన్న సాగు భూమి అయితే అమ్మినప్పుడు మూలధన లాభాల పన్ను ఉండదు. ఇవతల ఉంటే ఉంటుంది. దూరం ముందే చూసుకోండి. అది తాతల నాటి భూమి అయితే అందులో చెల్లెలికీ వాటా ఉంటుంది, ఆమెతో మాట్లాడకుండా బేరం పెట్టవద్దు.

పన్ను గురించి ఒక్క మాట. కిడ్నీ వైఫల్యానికి చికిత్స చేయించే సీనియర్ సిటిజన్ తండ్రి ఉంటే లక్ష వరకూ మినహాయింపు ఉందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది పాత పన్ను విధానంలోనే. బీమా కంపెనీ ఇచ్చిన డబ్బును అందులోంచి తీసేయాలి. మీకు పాలసీ నుంచి ఏడాదికి లక్షకు మించే వస్తోంది కాబట్టి ఆ మినహాయింపు మీకు సున్నా. దాని కోసం పాత విధానంలోకి వెళ్లకండి.

ఇక నాన్నగారు బ్యాంకుకు నడిచి వెళ్లగలిగే స్థితిలో ఉండగానే ఆయన ఖాతాలో అమ్మగారి పేరు కలిపించండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. నామినీ పేర్లు సరిచూడండి. చాలా ఇళ్లలో ఇది అడగడానికి నోరు రాదు. 'ఆసుపత్రిలో డబ్బు కట్టడానికి అమ్మకు ఇబ్బంది కాకూడదు' అని చెప్పండి, ఆయనకు అర్థమవుతుంది. కొత్త కంపెనీ వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రమ్మంటుందో కూడా అదే మెయిల్‌లో అడగండి. రెండు రోజులు ఊరి నుంచి పని చేయనిస్తే కారు డ్రైవర్ ఖర్చు కొంత, అమ్మగారి అలసట చాలా తగ్గుతాయి.

హెచ్‌ఆర్ జవాబు చేతికొచ్చేదాకా రాజీనామా పెట్టకండి.