అయస్కాంతంతో మందును కణితి దగ్గరికి లాగొచ్చా?

సమస్య: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌ తొలిదశలో ఉందన్నారు. వచ్చే వారం కీమో మొదలు. ఆ మందు ఒళ్లంతా పాకి గుండెను దెబ్బతీస్తుందని ఎవరో చెప్పడంతో అమ్మ వద్దంటోంది. నానో కణాలకు మందు పట్టించి, అయస్కాంతంతో కణితి దగ్గరికే లాగే చికిత్స గురించి చదివాను. అది దొరికేదాకా ఆగొచ్చా? ఈలోగా అయస్కాంతం పట్టీ కడితే మేలు జరుగుతుందా?
- ఒక పాఠకురాలు

సలహా: ఆగొద్దమ్మా. మీరు చదివింది కట్టుకథేమీ కాదు. కానీ అది ఇంకా పరిశోధనలోనే ఉంది, దాని కోసం కణితి ఆగదు.

ఇందులో వాడేవి ఐరన్‌ ఆక్సైడ్‌ కణాలు. సాధారణంగా 20 నానోమీటర్ల లోపే ఉంటాయి, అంటే వెంట్రుక మందంలో కొన్ని వేల వంతు. అంత చిన్నవైతే వాటికి ఓ ప్రత్యేక గుణం వస్తుంది. ఈ కణాలు కలిపిన నల్లటి ద్రవమున్న సీసాకు అయస్కాంతం ఆనిస్తే, ద్రవం ముళ్లుముళ్లుగా లేచి గోడకు అతుక్కుంటుంది. అయస్కాంతం తీసేయగానే మళ్లీ మామూలుగా జారిపోతుంది. ఇలా జారిపోవడమే కీలకం. లేకపోతే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కట్టి, రక్తనాళాలకు అడ్డుపడేవి.

1996లోనే జర్మనీ వైద్యులు 14 మంది రోగుల మీద ఈ పద్ధతిని ప్రయత్నించారు. కొందరిలోనే అనుకున్నట్టు కుదిరింది. అయస్కాంతం పట్టు దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా సన్నగిల్లుతుంది. చర్మం కిందనున్న కణితి వరకు ఫరవాలేదు, లోతున ఉన్నదాన్ని అందుకోలేదు. పైగా రక్త ప్రవాహంలో కణాలు కొట్టుకుపోతాయి. మిగిలినవాటిలో చాలావరకు కాలేయం, ప్లీహంలోని జీవకణాలు మింగేస్తాయి. నానో కణాల మీద జంతువుల్లో జరిగిన పరిశోధనలను 2016లో కలిపి లెక్కగడితే, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. ఈ రంగం మీద నాకు నమ్మకం ఉంది. కానీ ఆ నమ్మకంతో మీ అమ్మగారి చికిత్సను వాయిదా వెయ్యమని చెప్పలేను.

అయస్కాంతంతో పని లేని నానో మందులు మాత్రం ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్‌ అనే కీమో మందును సన్నని కొవ్వు పొరలో చుట్టిన లైపోసోమ్‌ రకానికి అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. దానితో గుండెకు ముప్పు తగ్గుతుంది గానీ అరచేతులు, అరికాళ్లు ఎర్రబారి, మండి, పొట్టు లేవొచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో దాన్ని ఎక్కువగా వాడేది జబ్బు ఇతర భాగాలకు పాకినప్పుడు. తొలిదశలో మామూలు మందుకే ప్రాధాన్యం.

గుండె గురించి అమ్మగారి భయం అర్థం లేనిదేం కాదు. డాక్సోరుబిసిన్‌ లాంటి మందు ఇస్తున్నారేమో అడగండి. ఇస్తుంటే మొదలుపెట్టే ముందే ఎకో పరీక్ష చేస్తారు. జీవితకాలంలో దాటకూడని మోతాదు కూడా లెక్కగట్టి ఉంటుంది. బీపీ, గతంలో గుండె జబ్బు వంటివి ఉంటే దాచకుండా చెప్పండి.

పట్టీ వల్ల ఒరిగేదేమీ లేదు. రక్తంలోని ఇనుము హిమోగ్లోబిన్‌లో బందీగా ఉంటుంది, దాన్ని ఈ అయస్కాంతం లాగలేదు. ఇప్పటికే కట్టి ఉంటే ఎమ్మారై గదిలోకి వెళ్లే ముందు తప్పకుండా తీసేయండి. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్‌ ఉంటే వారి ఛాతీ దగ్గరికి దాన్ని తీసుకెళ్లొద్దు.

వచ్చే వారం మీరూ అమ్మగారితో లోపలికి వెళ్లండి. తన భయమేమిటో ఆవిడనే డాక్టరుకు చెప్పనివ్వండి.