ముందు డబ్బు అడగకండి

ప్రశ్న: మాది చిన్న కళాశాల. చుట్టుపక్కల వారికి ఉపాధి శిక్షణ ఇవ్వాలనుకుంటున్నాం. పూర్వ విద్యార్థుల సాయం ఎలా తీసుకోవాలి?

జవాబు: ముందు విరాళాల మాట ఎత్తకండి. తాము పనిచేసే సంస్థల్లో కొత్తగా చేరినవారికి ఏ పని చేతకావడం లేదో పూర్వ విద్యార్థులను అడగండి. పాఠాలు అక్కడి నుంచే పుట్టాలి. వెల్డింగ్ నేర్చుకునేవారు తరగతి గదిలో కన్నా యంత్రం దగ్గరే ఎక్కువసేపు గడపాలని నేను గట్టిగా నమ్ముతాను. తరగతులు సాయంత్రం పెట్టండి. పగలు పనికి వెళ్లేవారు రాలేకపోతే ఆ శిక్షణ ఎవరి కోసం? చిన్నవాళ్లమని వెనుకాడకండి. అమెరికాలో తొలి ప్రభుత్వ కమ్యూనిటీ కళాశాలగా (స్థానికులకు చదువు, ఉపాధి శిక్షణ ఇచ్చే కళాశాల) పేరొందిన జోలియెట్ 1901లో 6 మంది విద్యార్థులతోనే మొదలైంది. శిక్షణ ముగిసిన కొన్ని నెలలకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఉద్యోగం నిలిచిందో లేదో కనుక్కోండి. ఆ బాధ్యత పూర్వ విద్యార్థులకే అప్పగించండి.