నాస్ బాక్స్‌లో పోయిన పెళ్లి ఫొటోలు

ప్రశ్న: తెనాలిలో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. రెండు డిస్కులు పట్టే సైనాలజీ కంపెనీ నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించి అన్ని కంప్యూటర్లూ వాడుకునే డిస్కుల పెట్టె) కొని, మూడేళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు అందులోనే బ్యాకప్ పెడుతున్నాను. మొన్న జాగా చాలక పాత ఫోల్డర్లు తీసేస్తూ, మాఘమాసం పెళ్లిళ్ల ఫోల్డర్ కూడా డిలీట్ కొట్టేశాను. మొత్తం 11 పెళ్లిళ్లు. ల్యాప్‌టాప్ రీసైకిల్ బిన్ చూస్తే ఖాళీ. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుందన్నారు కదా, రెండోది బయటికి తీసి కంప్యూటర్‌కి పెడితే దొరుకుతుందా? రెండు పార్టీలకి ఇంకా ఆల్బమ్ కూడా ఇవ్వలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ బాక్స్‌లోకి కొత్తగా ఏదీ వెళ్లకుండా చూడండి. ఈ వారం షూటింగులు ఉంటే కార్డులు విడిగా వేరే హార్డ్ డిస్క్‌లో దింపుకోండి. స్టూడియో సీసీ కెమెరాల రికార్డింగ్ గానీ, ఫోన్ ఫొటోల ఆటో అప్‌లోడ్ గానీ ఆ బాక్స్‌లోకే పోతుంటే అవీ ఆపేయండి. డిలీట్ కొట్టగానే ఫొటో చెరిగిపోదు. రిజర్వేషన్ చార్టులో పేరు కొట్టేశారు గానీ మనిషి ఇంకా సీట్లోనే ఉన్నాడన్నమాట, ఆ సీటుకి టికెట్ ఉన్న కొత్తవాడు ఎక్కేదాకా.

ల్యాప్‌టాప్ బిన్‌లో లేకపోవడంలో వింతేమీ లేదు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో తీసేసినవి విండోస్ రీసైకిల్ బిన్‌కి రావు. "శాశ్వతంగా తీసేయమంటారా" అని అది అడిగే ఉంటుంది, మనందరిలాగే మీరూ చదవకుండా ఎస్ నొక్కి ఉంటారు. కానీ నాస్‌కి సొంత బిన్ ఉంటుంది. సైనాలజీలో ప్రతి షేర్డ్ ఫోల్డర్ లోపలా హ్యాష్ గుర్తుతో మొదలయ్యే 'రీసైకిల్' ఫోల్డర్, క్యూనాప్ అనే ఇంకో కంపెనీ నాస్‌లో అయితే ఎట్ గుర్తుతో. దాన్ని అడ్మిన్‌కి మాత్రమే కనపడేలా పెట్టుకునే వీలుంది, అందుకే మామూలు లాగిన్‌తో వెతికి లేదనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. బ్రౌజర్‌లో నాస్‌లోకి అడ్మిన్‌గా లాగినై, ఫైళ్లు చూపించే ఫైల్ స్టేషన్ తెరిచి చూడండి. పనిలో పనిగా టాస్క్ షెడ్యూలర్‌లో బిన్ ఖాళీ చేసే పని పెట్టి ఉంటే అది ఈ రాత్రికే నడవకుండా ఆపండి.

ఇంకో చిన్న ఆనవాలు చెప్తాను. డిలీట్ చేసి ఇన్ని రోజులైనా బాక్స్‌లో ఖాళీ జాగా పెద్దగా పెరగలేదా? అయితే సంతోషించండి, ఆ ఫైళ్లని బిన్ గానీ స్నాప్‌షాట్ (ఫలానా సమయానికి ఫోల్డర్ ఎలా ఉందో నాస్ గుర్తుపెట్టుకున్న రూపం) గానీ పట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ. సైనాలజీలో స్నాప్‌షాట్లు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లని అమర్చే పద్ధతి) ఉన్న మోడళ్లలోనే ఉంటాయి, అదీ ముందుగా షెడ్యూల్ పెట్టుకుని ఉంటేనే. ఉంటే నాస్‌లోని స్నాప్‌షాట్ రెప్లికేషన్ యాప్‌లోకి వెళ్లి పాత తేదీ ఎంచుకోవడమే. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే, సుమారు 300 జీబీ, తుడిచేశాడు. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాయి, ఆరు గంటల ముందు ఇంకేదో పనికోసం తీసిన స్నాప్‌షాట్ వాళ్లని గట్టెక్కించింది. అంత కంపెనీకే తప్పలేదు, మనమెంత.

ఇక రెండో డిస్కు సంగతి. అందులో ఉండదండీ. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే ఈ పద్ధతిని మిర్రర్ అంటారు, ఒక డిస్కులో జరిగింది రెండోదాంట్లోనూ అప్పుడే జరుగుతుంది, డిలీట్‌తో సహా. అది డిస్కు పాడైతే కాపాడుతుంది, మన చెయ్యి జారితే కాదు. దాన్ని ఊడదీసి విండోస్‌కి పెడితే, ఆ లినక్స్ ఫైల్ సిస్టమ్ దానికి అర్థంకాక "ఫార్మాట్ చేయమంటారా" అని అడగొచ్చు. పొరపాటున కూడా ఒప్పుకోకండి.

బిన్, స్నాప్‌షాట్ రెండూ లేకపోతే బాక్స్‌ని ఆఫ్ చేసి పక్కన పెట్టండి. వెంటనే రికవరీ సాఫ్ట్‌వేర్ మీద పడకుండా, ఆ 11 పెళ్లిళ్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద రాయండి. పెళ్లి ఫొటోలు అంత తేలిగ్గా ఒక్కచోటే ఉండవు. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండో కార్డు, సెకండ్ కెమెరామన్, డ్రోన్ అబ్బాయి, ఆల్బమ్ డిజైనర్ దగ్గరి సిస్టమ్, సెలక్షన్ కోసం పార్టీకి ఇచ్చిన పెన్‌డ్రైవ్. యూట్యూబ్ లైవ్ ఇచ్చారా? 12 గంటలు దాటని లైవ్ అయితే రికార్డింగ్ మీ ఛానెల్‌లోనే ఉండొచ్చు, క్వాలిటీ తగ్గినా తాళి కట్టే ఘట్టం ఉంటుంది కదా. ఆల్బమ్ ఇవ్వని ఆ రెండు పార్టీలకి ముందు ఫోన్ చేయండి, దాచిపెడితే ఆ పెన్‌డ్రైవ్‌ని వాళ్లే సినిమాలు ఎక్కించుకోడానికి ఫార్మాట్ చేసేస్తారు.

కెమెరాలో ఫార్మాట్ చేసి మళ్లీ వాడని కార్డులుంటే ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతకండి. దొరికినవాటిని అదే కార్డులోకి కాకుండా వేరే డిస్కులోకి సేవ్ చేయండి. ఫైళ్ల పేర్లు రావు గానీ ఫొటో లోపల తీసిన తేదీ, టైము ఉంటాయి, వాటితో ఏ పెళ్లి ఏదో విడదీసుకోవచ్చు. పొడుగు వీడియోలు మాత్రం ముక్కలై రావచ్చు.

ఆఖరికి నాస్ డిస్కులే గతి అయితే, ఏది ఏ స్లాటులోదో మార్కర్‌తో రాసి తీయండి, డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి క్లోన్ చేసి ఆ క్లోన్ మీదే పని చేయించండి. ఆర్-స్టూడియో, యూఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ లాంటివి నాస్ డిస్కుల్ని చదవగలవు, కొనకముందే ఏమేం కనపడుతున్నాయో చూపిస్తాయి. రికవరీ షాపుకి ఇచ్చినా డబ్బు కట్టకముందే దొరికిన ఫైళ్ల లిస్టు అడగండి. మీ బాక్స్‌లో ఉన్నది ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ అయితే, డిలీట్‌తో పాటే ఫైలు ఎక్కడెక్కడ ఉందో చెప్పే వివరాలూ తుడిచిపెట్టుకుపోతాయి కాబట్టి అన్నీ వస్తాయని ఆశ పెట్టుకోకండి.

ఇంకో మాట, కోప్పడకండి. ల్యాప్‌టాప్‌లో తీసేసి నాస్‌లో మాత్రమే ఉంచుకున్నది బ్యాకప్ కాదండీ, అది అసలు కాపీనే.

ప్రశ్న: మా ఆఫీసు టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) బ్యాకప్ రోజూ నాస్‌లో ఒకే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మొన్న ఒక ఖాళీ కంపెనీ బ్యాకప్ పాతదాని మీద పడిపోయింది. నాస్ బిన్‌లో కూడా లేదు.
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఒక ఫైలు మీద ఇంకోటి రాస్తే అది డిలీట్ కింద లెక్కకి రాదు, అందుకే బిన్‌కి వెళ్లలేదు. స్నాప్‌షాట్లు ఉంటేనే ఆశ. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. పాత తేదీలు కనపడితే రీస్టోర్ నొక్కకుండా ముందు వేరేచోటికి కాపీ చేసి, టాలీలో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. అసలు డేటా టాలీ ఉన్న కంప్యూటర్‌లో బాగానే ఉంటే ఇంత కంగారు అక్కర్లేదు, ఇప్పుడే పెన్‌డ్రైవ్‌లోకి కొత్త బ్యాకప్ తీయండి. రేపటి నుంచి రోజుకో ఫోల్డర్, పేరులో తేదీ.