రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ కొనేముందు చూడవలసిన నంబరు

ఇంట్లోకి ఒక కంప్యూటర్ కావాలి, కొత్తది కొనడానికి ఇప్పుడే అంత డబ్బు పెట్టలేము, 200 డాలర్ల లోపు దొరికే ఆఫీసుల పాత డెస్క్‌టాప్‌ను నమ్మవచ్చా అని డాలస్ చుట్టుపక్కలకు కొత్తగా వచ్చిన విద్యార్థులూ, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే) వీసాపై వచ్చినవారూ తరచుగా అడుగుతుంటారు. నమ్మవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న మూడు డెస్క్‌టాపులలో ఒక్కటి కూడా కొత్తగా కొన్నది కాదు. అయితే ఇలాంటివాటిలో ఏది ఎంచుకున్నామన్నదే ముఖ్యం. ఎంపిక తప్పితే తరువాత ఎన్ని విడిభాగాలు మార్చినా ఆ తప్పు సరికాదు.

ఇవి చవకగా దొరకడానికి కారణం పాడైపోవడం కాదు. ఇక్కడి పెద్ద సంస్థలు చాలావరకు డెస్క్‌టాపులను లీజుకు తీసుకుని, మూడు నాలుగేళ్లు తిరిగేసరికి, బాగున్నా బాగులేకపోయినా, వందల సంఖ్యలో ఒకేసారి మార్చేస్తాయి. అలా బయటికి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ యంత్రాలను దుమ్ము దులిపి, పరీక్షించి, విండోస్ మళ్లీ ఎక్కించి అమ్మడమే రీఫర్బిష్డ్ వ్యాపారం. ఆఫీసులో రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్ నడపడానికి తయారైన యంత్రాలు కనుక, పిల్లల హోంవర్కుకూ, పన్ను రిటర్నులకూ, ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్స్‌కూ సునాయాసంగా సరిపోతాయి.

అన్నిటికంటే ముందు చూడవలసింది ప్రాసెసర్ జనరేషన్, అంటే అది ఎన్నో తరానికి చెందినదన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ కోర్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ లేదా ఆ తరువాతిది అయివుండాలి. అందువల్ల 6, 7 జనరేషన్ల యంత్రాలను ఆఫీసులు గుట్టలుగా వదిలించుకున్నాయి, వెబ్‌సైట్లలో 80, 90 డాలర్లకు కనిపించి ఊరించేవి ఎక్కువగా అవే. ప్రకటనలో 'కోర్ ఐ7' అని పెద్ద అక్షరాలతో రాసి జనరేషన్ మాట ఎత్తకపోతే అనుమానించండి. ఐ7-3770 అన్నది 2012 నాటి ప్రాసెసర్. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, నాలుగు కోర్లున్న ఐ3-8100 దానికంటే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. గీత తరువాత నాలుగంకెలుంటే మొదటి అంకె, అయిదంకెలుంటే మొదటి రెండంకెలు జనరేషన్‌ను చెబుతాయి. ఐ5-8500 ఎనిమిదవది, ఐ5-10500 పదవది. మోడల్ పేర్లలో కూడా ఇదే చిక్కు ఉంది. ఆప్టిప్లెక్స్ 7050కీ 7060కీ పేరులో పది తేడా, ఫొటోలో ఏ తేడా కనబడదు, కాని మొదటిదానిలో 6 లేదా 7వ జనరేషన్, రెండవదానిలో 8వ జనరేషన్ ఉంటాయి. హెచ్‌పీలో ఎలీట్‌డెస్క్ 800 జీ4, లెనోవోలో ఎమ్720, ఎమ్920 మొదలుకొని పైవి చూసుకోండి. డెల్ డబ్బా మీద ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. అమ్మేవారిని అడిగి దానిని డెల్ సపోర్టు సైటులో కొడితే ఆ యంత్రం ఏ తేదీన, ఏ భాగాలతో ఫ్యాక్టరీ నుంచి వెళ్లిందో తెలిసిపోతుంది. ట్యాగ్ చెప్పడానికి ఇష్టపడని చోట నేను కొనను.

మనవాళ్లు సీపీయూ అని పిలిచే ఆ డబ్బా మూడు సైజులలో వస్తుంది. టవర్ పెద్దది. స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్ మధ్యరకం. డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ, లెనోవో టైనీ అన్నవి లావుపాటి పుస్తకమంత ఉంటాయి. నలుగురితో అపార్ట్‌మెంట్ పంచుకుంటూ ఏడాదికోసారి ఇల్లు మారే విద్యార్థికి ఈ చివరిదే హాయి, కాని అందులో ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవు) తప్ప పెంచుకోవడానికి ఏమీ ఉండదు, ఆ ర్యామ్ కూడా ల్యాప్‌టాప్ సైజుదే కొనాలి. ఇంటికి స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్ మేలని నా అభిప్రాయం. మెషీన్ లెర్నింగ్ కోర్సు కోసం ఇందులో గ్రాఫిక్స్ కార్డు వేసుకుందామనుకునేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి. దీని పవర్ సప్లై చిన్నది, దాని కనెక్టర్లు తరచుగా ఆ కంపెనీకే ప్రత్యేకం, కాబట్టి బజారులో దొరికే పెద్ద పవర్ సప్లై ఇందులో ఇమడదు. స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే పొట్టి రకం కార్డులు మాత్రమే పడతాయి. అసలు పని యూనివర్సిటీ సర్వర్ల మీద చేసుకోవడం డబ్బుకూ కాలానికీ మంచిది.

ఇక అప్‌గ్రేడ్ విషయం. 'ఒక టెరాబైట్' అని గొప్పగా రాసినది పాత హార్డ్‌డిస్క్ అయితే, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయడం అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు. మా పెద్దమ్మాయి కోసం కొన్న ఆప్టిప్లెక్స్‌ను వంటింటి బల్లమీద పెట్టి నేనూ తనూ కలిసి విప్పాము. వెనక గడియ లాగితే స్క్రూడ్రైవర్ లేకుండానే మూత ఊడి వచ్చింది, లోపల డిస్కు పెట్టే ఇనుప తొట్టెను పైకెత్తితే బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ పట్టే వేలి పొడవు ఎమ్.2 స్లాటు కనిపించింది. ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే సరిపోతుంది, కాని దాని కొసను పట్టి ఉంచే బియ్యపుగింజంత స్క్రూ ఆ యంత్రంలో లేనేలేదు, కొత్త ఎస్‌ఎస్‌డీతోనూ రాలేదు. అది తెచ్చేవరకు రెండు రోజులు యంత్రం మూత తీసి అలాగే బల్లమీద ఉండిపోయింది. ఎస్‌ఎస్‌డీతో పాటే ఆ స్క్రూ కూడా ఆర్డరు చేయండి. తేదీ, సమయం రోజూ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 నాణెం బ్యాటరీ అయిపోయిందని అర్థం, రెండు డాలర్లలో తీరే పని.

ర్యామ్ విషయంలో నా పాత సలహాను మార్చుకోవలసి వచ్చింది. లోగడ 8 జీబీ యంత్రం కొని తరువాత ర్యామ్ పెంచుకోండని చెప్పేవాడిని. 2025 చివరి నెలల నుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగినందువల్ల ఇప్పుడు విడిగా కొన్న ర్యామ్ కొసరు కాదు, అసలుతో పోటీపడే ఖర్చు. మొదటే 16 జీబీ ఉన్నదానిని ఎంచుకోండి, వీలైతే రెండు 8 జీబీ స్టిక్కులుగా, ఎందుకంటే రెండు చానెళ్లలో పనిచేసినప్పుడు వేగం పెరుగుతుంది.

కొన్నాక బయటపడే చిన్న ఖర్చులను కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఆఫీసులలో ఇవి నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచినవి కనుక చాలావాటిలో వైఫై ఉండదు. వెనక రెండు డిస్‌ప్లేపోర్టులే ఉండి హెచ్‌డీఎమ్ఐ లేకపోవడం మామూలు. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎమ్ఐకి వెళ్లే కేబుల్ అడగండి, తిరగేసినది పనిచేయదు. టెక్సస్‌లో చాలా ఊళ్లలో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది, ఆగస్టులో వచ్చే పన్నులేని వారాంతంలో కంప్యూటర్లు చేరవు.

ఇప్పుడు నేను పడ్డ ఇబ్బంది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర కొన్న యంత్రం మూడు వారాలు చక్కగా నడిచింది. విండోస్ శుభ్రంగా మళ్లీ ఎక్కించుకుందామని మొదలుపెట్టగానే, ఇంటర్నెట్ తగిలిన మరుక్షణం తెరమీద నాకు ఏ సంబంధమూ లేని ఒక కంపెనీ పేరు ప్రత్యక్షమై, ఆ కంపెనీ ఈమెయిల్‌తో లాగిన్ అవమంది. ఆ యంత్రాన్ని పాత యజమాని తమ ఆటోపైలట్ జాబితా (కంపెనీలు తమ యంత్రాలను మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేసుకునే పట్టిక) నుంచి తొలగించలేదు, దానిని వాళ్లే తొలగించాలి, నేను చేయగలిగిందేమీ లేదు. వాపసు గడువు ఇంకా నాలుగు రోజులు మిగిలి ఉండబట్టి బయటపడ్డాను. అందుచేత డబ్బా చేతికి వచ్చిన మొదటి రోజే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 11ను యూఎస్‌బీలోకి దింపి, డ్రైవును పూర్తిగా తుడిచి, ఇంటర్నెట్ కలిపి ఎక్కించండి. బయాస్‌కు (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగులకు) పాస్‌వర్డ్ అడుగుతోందా, సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయినట్టు చూపుతోందా అన్నవి కూడా ఆ రోజే చూడండి. ఏది తేడాగా ఉన్నా వెంటనే తిప్పి పంపండి. అందుకే వాపసు గడువు స్పష్టంగా రాసిన చోటే కొనాలి. అమెజాన్ రెన్యూడ్‌లో 90 రోజుల హామీ ఉంటుంది. డాలస్‌లోని మైక్రో సెంటర్ వంటి కంప్యూటర్ దుకాణంలో అయితే కంటితో చూసి తెచ్చుకోవచ్చు.

ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన ఉంటే పవర్ సప్లై మీది స్టిక్కర్ చదవండి, 100-240 వోల్టులని ఉంటే వైరు మారిస్తే చాలు. కాని ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మీద ఉన్న కస్టమ్స్ మినహాయింపు డెస్క్‌టాప్‌కు వర్తించదు. దాన్ని ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి వెళ్లేటట్టయితే, మీ పాస్‌పోర్టు కాపీలు, ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం), పన్ను కాగితాలు అన్నీ దాచుకున్న ఆ ఎస్‌ఎస్‌డీని మాత్రం విప్పి మీ సూట్‌కేసులో వేసుకోండి.