చేసేవాడికే చెబుతారు, చేయనివాడిని ఎవరూ అడగరు

"బాగా పనిచేసేవాళ్ళ నెత్తినే అదనపు పని ఎందుకు పెడతారు? చేయనంటే చెడ్డపేరు వస్తుందా?" అని మీరు అడిగారు.

మొదటి ప్రశ్నకి పెద్దలు ఎప్పుడో జవాబు చెప్పారు: నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు. పని కూడా అంతే, ఎదురు చెప్పనివాడి వైపే పారుతుంది. దానికి మేనేజరు దుర్మార్గుడు కానక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి ఆయనకో పని తగులుతుంది, ఎదురుగా ఇద్దరు కనిపిస్తారు. ఒకడికి చెబితే అరగంటలో అయిపోతుంది. రెండోవాడికి చెబితే ముందు సణుగుడు వినాలి, తర్వాత తప్పులు దిద్దుకోవాలి. ఆ కుర్చీలో మీరున్నా మొదటివాడినే పిలుస్తారు.

నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కొన్నేళ్ళు చేశాను. చేరింది కొనుగోలు లెక్కలకి. పోనుపోను రైతుల పేమెంట్లు, ఐసు లెక్క, లారీ బాడుగలు, ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలోకి వెళ్ళిందో ఆడిటర్లకి చూపించే రికార్డులు, అన్నీ నా టేబుల్ మీదకే చేరాయి. ఏ ఒక్కదానికీ ఆర్డరు కాగితం లేదు. "ఈ ఒక్కరోజుకి చూడవయ్యా" అంటూ వచ్చినవే అన్నీ.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కిలోకి ఎన్ని తూగితే అది కౌంటు. ముప్ఫై కౌంటంటే పెద్దది, వంద కౌంటంటే చిన్నది. ధరంతా దాన్నిబట్టే. చెరువు గట్టున నలభై అయిదు తేలిన సరుకు ప్లాంటు దగ్గరికొచ్చాక నలభై తొమ్మిది తేలితే ఆ రాత్రి గేటు దగ్గర గొడవే. ఆ తేడా ఎలా సర్దాలి, పెంకు మెత్తగా ఉన్న సాఫ్ట్ రొయ్యకి ధరలో ఎంత కోయాలి, ఏ ఏజెంటుతో ఏం మాట్లాడుకున్నాం అన్నదంతా ఎక్సెల్‌లో ఒక షీటు చేసి పెట్టాను. అదే నా కొంప ముంచింది.

పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతికి కోనసీమలో అత్తారింటికి వెళ్ళాను. కొత్తల్లుడి మర్యాదల గురించి మీకు చెప్పక్కర్లేదు, రెండు రోజులు కూర్చున్నచోటు నుంచి లేవనివ్వలేదు. కనుమ నాడు మావయ్యగారు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళారు. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, ఆ కొబ్బరితోటలో చేరతాయి. అన్నిట్లోకీ చూడాల్సింది గంగలకుర్రు వాళ్ళ ప్రభ కౌశిక కాలువ దాటడం. అంతెత్తు ప్రభని భుజాలమీద పెట్టుకుని కుర్రాళ్ళు నీళ్ళలోకి దిగుతారు. దారిలో పచ్చటి వరిచేను తొక్కుకుంటూ వచ్చినా ఆ రైతు పల్లెత్తు మాట అనడు, పైగా అదృష్టమంటాడు. సరిగ్గా ప్రభ నీళ్ళలోకి దిగేవేళకి నా ఫోను మోగింది.

ఎక్కడో తెల్లమచ్చల వ్యాధి తగిలింది. ఆ జబ్బుకి పండగా పబ్బమూ ఉండదు, రోజుల్లో చెరువు మొత్తం తుడిచిపెట్టేస్తుంది. రైతు ఉన్నపళంగా రొయ్యలు పట్టించేశాడు, లారీలు గేటు దగ్గరున్నాయి, కౌంటు మీద తగువు. డ్యూటీలో ఉన్నది మా సీనియర్. నాకంటే జీతం ఎక్కువే. ఆయన మేనేజరుతో ఒకటే మాటన్నాడట: "ఆ షీటు నాకు రాదండి." అయిపోయింది, ఆయన పని అక్కడితో సరి. డప్పుల మోతలో ఒక చెవి మూసుకుని నేను "డి కాలమ్ కాదండీ, ఎఫ్, ఎఫ్" అని అరుస్తున్నాను. చుట్టూ జనం "శరభా శరభా" అంటున్నారు. ప్రభ ఎప్పుడు ఒడ్డెక్కిందో నేను చూడలేదు. మా ఆవిడ ఆ రోజుకి నాతో మాట్లాడటం మానేసింది.

ఇక్కడొకటి చెప్పాలి. "రాదు" అనే ఈ మాటకున్న బలం ఏ డిగ్రీకీ లేదు. షీటు రాని మా సీనియరే ప్లాంటులో చీటీలు నడిపేవాడు. ఎవరు ఏ నెల పాడారు, ఎవరెంత తగ్గించారు, ఎవరు బాకీ, అంతా ఫోనులో పైసాతో సహా ఉండేది. కూడిక, తీసివేత, శాతం అన్నీ వచ్చు. కంపెనీ కంప్యూటర్ ముందు కూర్చుంటేనే రావు. ఇలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, రాసిపెట్టుకోండి.

మావయ్యగారు ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువ షట్టర్లు చూసే మనిషిగా, చేసి రిటైరయ్యారు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచీ కాలువ పైనున్నవాడికీ శివారువాడికీ పేచీయే, ఆ పేచీల మధ్య ఉద్యోగం చేసిన మనిషి. తిరిగొచ్చేటప్పుడు బండి మీద అన్నారు: "దాళ్వాలో నీళ్ళు తక్కువైతే వంతులు పెట్టేవాళ్ళం అల్లుడుగారూ. నోటితో చెబితే పైవాడు వినడండి. ఎవరి వంతు ఎప్పుడో రాసి అంటించేస్తే, తిట్టుకుంటూనైనా షట్టరు దింపనిచ్చేవాడు. మీకు వంతు రాసిన కాగితం ఉందాండీ?"

లేదు. వెళ్ళగానే రాశాను. నేను చేసే పనులన్నీ, ఒక్కోదానికి రోజూ పట్టే టైమూ, పక్కన అది నేర్చుకోవాల్సిన రెండో మనిషి పేరూ. మేనేజరు చదివి, "బానే ఉందయ్యా, కానీ నువ్వు చేస్తేనే నాకు ధైర్యం" అన్నారు. నా దృష్టిలో ఇది పచ్చి మోసం. ధైర్యం ఆయనకి, టెన్షన్ నాకు. ఏప్రిల్లో ఇంక్రిమెంట్లు వచ్చాయి, నాకూ సీనియర్‌కీ ఒకే శాతం. ఆయన అసలు జీతం ఎక్కువ కాబట్టి రూపాయల్లో ఆయనకే ఎక్కువ పెరిగింది.

నేను కాస్త గట్టిగా అడిగేసరికి "ఇన్‌ఛార్జి" అని హోదా ఇచ్చారు. అందరూ అభినందించారు. దాని లోగుట్టు తర్వాత తెలిసింది. అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి. అయితే సూపర్‌వైజర్ స్థాయి వాళ్ళని ఆ లెక్కలోంచి తప్పించే వెసులుబాటు కూడా అదే చట్టంలో ఉంది. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళు ఓవర్‌టైమ్ అడగొచ్చు, ఇన్‌ఛార్జి గారు అడగకూడదు. వట్టి హోదాతో వచ్చే ప్రమోషన్లన్నీ ఇందుకే కనిపెట్టారని నా గట్టి నమ్మకం.

నేను మానేసి ఇప్పుడు పాలకొల్లులో ఒక మేతల డీలర్ దగ్గర లెక్కలు చూస్తున్నాను. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళినప్పుడు ప్లాంటులో పాత మిత్రులు ఫోన్ చేసేవారు. మనుషుల్ని తగ్గించారట. పని మాత్రం తగ్గలేదు, ఉన్నవాళ్ళలో నోరులేనివాళ్ళకి పంచారట.

కాబట్టి మీరు కూడా ఆ కాగితం రాయండి. నోటితో చెప్పకండి, మెయిల్ పెట్టండి, ఇంక్రిమెంట్ల నెలకి చాలా ముందే పెట్టండి. కొత్త పని తెచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి, వీటిలో ఏది ఎవరికి ఇమ్మంటారో అడగండి. మీ పని ఇంకొకరికి నేర్పే గంట కూడా అందులో రాయండి, లేకపోతే పండగ నాడు ఫోను మీకే వస్తుంది.

ఇక చెడ్డపేరంటారా, వస్తుంది. మా సీనియర్‌కి నేను చేరకముందు నుంచే ఉంది. నిరుడు ఆయన్ని మేనేజరుని చేశారట.