మెష్ సన్నం చేసిన కొద్దీ పీక్ పెరుగుతుంటే ముందు టైమ్ స్టెప్ చూడండి

ఫ్రీ-ఫాల్ లైఫ్‌బోట్‌ని (ఎత్తు నుంచి నేరుగా నీళ్లలోకి పడే రక్షణ పడవ) 20 మీటర్ల ఎత్తు నుంచి వదిలే సిమ్యులేషన్‌లో, మెష్‌ని (లెక్క కోసం నీటిని, గాలిని విడగొట్టే గళ్లు) 4 సెంటీమీటర్ల నుంచి 1 సెంటీమీటరుకి తగ్గించేసరికి సీటు దగ్గర త్వరణం విపరీతంగా పెరిగిందని రాశారు. టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయం) మాత్రం 0.002 సెకన్లే ఉంచారు కదండీ, చిక్కంతా అక్కడే ఉందనిపిస్తోంది.

అంత ఎత్తు నుంచి పడితే నీటిని తాకే వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు. అంటే మీ ఒక్కో స్టెప్‌లో పడవ 4 సెంటీమీటర్లు కదులుతుంది. 1 సెంటీమీటరు మెష్‌లో అది ఒకేసారి నాలుగు గళ్లు దూకడమే. గ్రాఫ్‌లో ముళ్లలా లేచిన పీక్‌లు అందుకే వస్తాయి. స్టెప్‌ని 0.00025కి తగ్గించి మళ్లీ రన్ చేయండి. ఫలితాన్ని 20 హెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ (అంతకన్నా వేగంగా ఊగే కంపనాల్ని తీసేసేది) వేశాకే పోల్చండి; ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) పరీక్ష పద్ధతిలోనూ అంతకు తగ్గని ఫిల్టరే అడుగుతారు.

ఇంకొక్క మాట. సీటు దగ్గరే ఆగిపోకండి, దయచేసి. 2005లో నార్వేలోని వెస్లెఫ్రిక్ బి అనే సముద్రపు చమురు ప్లాట్‌ఫామ్ దగ్గర టెస్ట్ డ్రాప్‌లో దెబ్బతిన్నది పడవ పైభాగం. పడవ మునిగేటప్పుడు పైకప్పు మీద, వెనకాల ఏర్పడిన గాలి ఖాళీ మూసుకునేటప్పుడు వెనక గోడ మీద ఒత్తిడి ఎంతో రికార్డ్ చేయండి. అక్కడ గాలి నొక్కుకుపోయేలా మోడల్‌లో పెట్టాలి. నిశ్చలమైన నీళ్లు సరిపోవు. అల శిఖరం మీద, రెండు వాలుల మీద, పల్లంలో విడివిడిగా వదిలి చూడండి.

కొత్త గ్రాఫ్ పెట్టండి, చూస్తాను.