బ్యాండ్ రాకపోతే బంధం లేనట్టేనా?

ప్రశ్న: మేడమ్, నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఫాస్ఫేట్ తగిలిన ఒక రిసెప్టర్‌ని (కణం పొర మీద సంకేతాలు అందుకునే ప్రొటీన్) ఓ అడాప్టర్ ప్రొటీన్ తన ఎస్‌హెచ్2 భాగంతో పట్టుకుంటుందని నా అనుమానం. ఇమ్యునోప్రెసిపిటేషన్ (యాంటీబాడీ ఉన్న చిన్న పూసలతో, అంటే బీడ్స్‌తో, ఒక ప్రొటీన్‌నీ దాన్ని పట్టుకున్నవాటినీ బయటికి లాగడం) ఆరుసార్లు చేశాను, బ్లాట్ మీద రెండో ప్రొటీన్ ఉందని చూపే నల్ల గీత, అదే బ్యాండ్, రాలేదు. రెండింటినీ శుద్ధి చేసి కొలిస్తే మాత్రం కేడీ (ఎంత ఎక్కువైతే బంధం అంత వదులని చెప్పే అంకె) 10 మైక్రోమోలార్ వచ్చింది. 'అంత బలహీనమైనది కణంలో ఎందుకు పనికొస్తుంది?' అంటున్నారు ల్యాబ్‌లో. వదిలేయమంటారా?

జవాబు: వద్దు. ముందు ఓ చిన్న లెక్క వేయండి. ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకునే వేగం మోలార్‌కు, సెకనుకు 10 లక్షలు అనుకుందాం, ఇది మామూలుగా కనిపించే విలువే. దాన్ని మీ కేడీతో గుణిస్తే విడిపోయే వేగం సెకనుకు 10 వస్తుంది. అంటే 0.07 సెకన్లలో సగం జతలు విడిపోతాయి. మీరేమో బీడ్స్‌ని ఐదేసి నిమిషాల చొప్పున మూడు నాలుగుసార్లు కడుగుతూ ఉంటారు!

నిజానికి కడగడం దాకా పోనక్కర్లేదు. కోటి కణాలన్నీ కలిపినా 20, 30 మైక్రోలీటర్లకు మించవు. వాటిని ఒక మిల్లీలీటరు బఫర్‌లో పగలగొట్టగానే లోపలిదంతా 30, 50 రెట్లు పలచనవుతుంది. మీ జత అక్కడే చెదిరిపోయింది.

కణంలో పరిస్థితి వేరు. రిసెప్టర్లు పొర మీద గుంపుగా ఉంటాయి కాబట్టి, విడిపోయిన అడాప్టర్‌కి పక్కనే ఇంకోటి దొరుకుతుంది. పైగా, వదలడం సిగ్నలింగ్‌లో లోపమేం కాదు. ఎస్‌హెచ్2 పట్టుకుని కూర్చున్నంతసేపూ ఆ ఫాస్ఫేట్‌ని తీయడం ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌కి కుదరదు. బయోటిన్ అనే విటమిన్‌ని స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పట్టుకుంటే దాదాపు వదలదు, అంత గట్టిగా పట్టుకుంటే సిగ్నల్ ఆగేదెలా?

అలాగని వాష్‌లు తగ్గించేయకండి. నేనూ మీ వయసులో ఆ పని చేశాను. ఒక సాయంత్రం రెండు వాష్‌లు ఎగ్గొట్టాను, చక్కటి నల్లటి బ్యాండ్ వచ్చింది. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు! మర్నాడు మా గైడ్ ఒకటే అడిగారు, 'మ్యూటెంట్ ఏదీ?' అని. మ్యూటెంట్‌తో, అంటే బంధం పోయేలా మార్చిన ప్రొటీన్‌తో మళ్లీ చేస్తే అదే బ్యాండ్, అంతే నల్లగా. బీడ్స్‌కి అంటుకున్న చెత్తని చూసి మురిసిపోయానన్నమాట.

మీకు సరిపోయేది టర్బోఐడీ. ఈ ఎంజైమ్‌ని అడాప్టర్‌కి తగిలించి బయోటిన్ ఇస్తే, పది నిమిషాల్లో దగ్గరికొచ్చిన ప్రొటీన్లన్నిటికీ బయోటిన్ ముద్ర వేస్తుంది. జత విడిపోయినా ముద్ర పోదు. స్ట్రెప్టావిడిన్ బీడ్స్‌తో పట్టుకుని ఎస్‌డీఎస్ అనే ఘాటు డిటర్జెంట్ పెట్టి ఎంత కడిగినా భయం లేదు. 2012లో వచ్చిన బయోఐడీ కూడా ఇదే పద్ధతి గానీ, దానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నిమిషాల్లో లేచి పడిపోయే సిగ్నల్‌కి అది కుదరదు.

ఒక్క జాగ్రత్త. ముద్ర పడిందంటే పక్కన ఉందని మాత్రమే, తాకిందని కాదు. అందుకే అడాప్టర్ లేకుండా ఉత్త టర్బోఐడీని కూడా అదే పొర దగ్గర, అంతే మోతాదులో ఉంచి పోల్చాలి. రెండో కంట్రోల్, ఎస్‌హెచ్2లో ఫాస్ఫేట్‌ని పట్టుకునే ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చిన మ్యూటెంట్. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. టర్బోఐడీ క్లోనింగ్ తర్వాతి సంగతి, ముందు ఆ మ్యూటెంట్ చేయించండి.